పెట్రోలు పైపు మార్చిన పూట

నా చిన్నప్పుడు మా మావయ్య దగ్గర ఒక పాత అంబాసిడర్ ఉండేది. అద్దంకి చుట్టుపక్కల వాళ్లను ఒంగోలుకూ గుంటూరుకూ తిప్పుతూ దాని మీదే బతికేవాడు. ఆ కారంటే మా వీధికంతటికీ ధీమా, పక్కింటి అక్కకైతే మరీను. తొలి కాన్పులో ఎద్దుబండి మీద ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమై ఆమెకు బిడ్డ దక్కలేదు. ఈసారి నెలలు నిండగానే మావయ్య వాళ్లింటికి వెళ్లి, నొప్పులు మొదలైతే కబురు పెట్టమనీ, ఏ కిరాయి ఉన్నా వదులుకుని వస్తాననీ మాటిచ్చాడు. చాలా రోజుల తర్వాత అక్క నవ్వడం ఆ పూటే చూశాను.

సరిగ్గా అప్పుడే కారు ఇంజను దగ్గర పెట్రోలు పైపు చీలింది. మావయ్య నాలుగు రోజులు ఊళ్లో లేడు. అక్క భర్త, మేము బావ అని పిలిచేవాళ్లం, పత్తికి పురుగుమందు కొట్టే స్ప్రేయరు పైపులోంచి ఓ ముక్క కోసి అక్కడ బిగించేశాడు. మా వైపు ఆ రోజుల్లో స్ప్రేయరు లేని ఇల్లు లేదు. ఏది తెగినా, ఏది కారినా దాని పైపు ముక్కతోనే సరిపెట్టేవాళ్లు. అంత ఘోరమైన మందును తట్టుకునే పైపు పెట్రోలును తట్టుకోదా అనుకున్నాడు పాపం. తట్టుకోలేదు. రెండు మూడు రోజులకే ఉబ్బి మెత్తబడి, అతుకు దగ్గర చెమ్మ దిగడం మొదలుపెట్టింది.

మావయ్య ఓ సాయంత్రం వచ్చి బానెట్ ఎత్తి వాసన చూశాడు. బావను పల్లెత్తు మాట అనలేదు కానీ, ఈ బండి రేపటిదాకా కదలదని అందరికీ చెప్పేశాడు. వీధి వీధంతా మీద పడింది. అందరికంటే గట్టిగా అక్క అత్తగారు అందుకుంది. మేమంతా ఆవిణ్ణి మామ్మ అనేవాళ్లం. ఆవిడ మాట్లాడితే చర్చిలో మైకు అక్కర్లేదు.

"ఏవయ్యా, ఈ పూటే నొప్పులొస్తే నా కోడల్ని నెత్తిన పెట్టుకు పోతావా? కాస్త వాసనొస్తే ఏం మునిగిందంట? దేవుడు లేడా?"

"దేవుడున్నాడు మామ్మా. ఆయనకు వేరే పనులు కూడా ఉంటాయి. పైపు పని నేను చూసుకుంటా."

నాకూ మావయ్య మీద ఒళ్లు మండింది. మాటిచ్చి తప్పుకుంటున్నాడనుకున్నాను. ఆయన మాత్రం పైవీధి ట్రాక్టరు మనిషిని, ఈలోగా నొప్పులొస్తే అక్కను తీసుకెళ్లడానికి ఊరు దాటకుండా ఉండమని బతిమాలి ఒప్పించి, మర్నాడు తొలి బస్సుకే గుంటూరు వెళ్లాడు. మధ్యాహ్నానికి పెట్రోలు కోసమే చేసిన పైపూ, కొత్త క్లిప్పులూ తెచ్చాడు.

మిరప కోతల రోజులు. ఎక్కడ చూసినా కాయ ఎండబోసి ఉంది. కారు పెట్టడానికి మా రెండిళ్ల మధ్య వాకిలి ఒక్కటే ఖాళీ. దాని చివర మామ్మ కోడలి స్నానానికి నీళ్ల పొయ్యి రాజేసి కూర్చుంది. ఆర్పమంటే ససేమిరా అంది. పొయ్యి ఎక్కడ, బండి పెట్టేది ఎక్కడ అని దెబ్బలాటకు దిగింది. మావయ్య వాదించలేదు. కారు ఇంకా వీధి మలుపులోనే ఉంది. మా అమ్మను పిలిచి, వంటింట్లో వేడి పెనం మీద నాలుగు ఎండుమిరపకాయలు వెయ్యమన్నాడు. కాసేపటికే వాకిట్లో మామ్మ దగ్గు అందుకుంది. పిల్లలమందరం తుమ్ములే తుమ్ములు.

"మిరపకాయ ఎక్కడుంది మామ్మా? నువ్వెక్కడున్నావు? పెట్రోలు ఆవిరీ అంతే. ఇది దగ్గిస్తుంది గనక తెలుస్తోంది. అది నేలబారున పాక్కుంటూ నీ పొయ్యి దాకా వచ్చి, మంట అందుకుని వెనక్కి బండి మీదకే పోతుంది."

మామ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, లేచి తనే పొయ్యిలో చెంబెడు నీళ్లు కుమ్మరించింది. ఆ తర్వాత వాకిట్లోకి బీడీతో ఎవరొచ్చినా మామ్మ కేకకే అది ఆరిపోయేది.

కారును స్టార్టు చేయకుండా తోసుకొచ్చారు. బానెట్టూ డిక్కీ తెరిచి గాలాడనిచ్చాడు మావయ్య. బ్యాటరీ తీగ ఊడదీశాడు, పక్కన బొచ్చెడు ఇసుక పెట్టుకున్నాడు. పెట్రోలు ట్యాంకు మూత తిప్పి లోపలి ఒత్తిడి పోనిచ్చాకే పాత పైపు మీద చెయ్యి వేశాడు. అందులో మిగిలిన పెట్రోలును డబ్బాలోకి దించి, మూత బిగించి దూరంగా పెట్టించాడు. ట్యాంకు మీద ఆవిరి పోయే సన్న గొట్టం కూడా పెళుసుబారిందని, అది కారకపోయినా మార్చేశాడు. కొత్త పైపులు బిగించే పని మాత్రం బావను పక్కన కూర్చోబెట్టుకుని అతని చేతే చేయించాడు. ముందు రోజు నుంచీ తలెత్తని మనిషి, ఆఖరి క్లిప్పు బిగించేసరికి మామూలుగా మాట్లాడసాగాడు. తీగ తగిలించి ఇంజను ఆడించారు. ఆపాక మావయ్య ఒక్కో అతుకు కిందా తెల్లటి దూది అద్ది చూశాడు. పొడిగానే ఉంది. అయినా కాసేపాగి మళ్లీ అద్దాడు.

మర్నాడు తెల్లవారుతుండగా అక్కకు నొప్పులు మొదలయ్యాయి. వెనక సీట్లో మామ్మ ఒళ్లో తలపెట్టుకుని పడుకుంది. బయలుదేరే ముందు, కారు దారిలో ఆగిపోతే ఎలా అని అడిగింది. మావయ్య వెనక్కి తిరిగి, "బండి సంగతి నాకొదిలెయ్యమ్మా. నువ్వు నీ బిడ్డ సంగతి చూసుకో" అన్నాడు. అక్క కళ్లు మూసుకుంది. ఆ పొద్దు ఒంగోలులో ఆడపిల్ల పుట్టింది. కబురు మోసుకొచ్చిన బావ వాకిట్లో నిలబడి పిల్లాడిలా ఏడ్చాడు, మా అమ్మ కూడా ఏడ్చింది.

అందరూ బిడ్డ గురించి మాట్లాడుకుంటుంటే నేను మావయ్య అన్న ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఆయన పైపు మార్చకుండానే బండి తీసినా అదే మాట అనగలిగేవాడు. అక్క నమ్మేది కూడా. కానీ అది ఉత్త ధైర్యం అయ్యేది. తర్వాత నేను తల్లినయ్యాను, అమ్మమ్మనయ్యాను. భయంతో నా చెయ్యి పట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. 'నేనున్నాను, నువ్వు కంగారు పడకు' అనే మాట నోటిదాకా వచ్చిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి, ఆ మాట అనడానికి తగిన పని చేశానా అని నన్ను నేను అడుగుతాను. చెయ్యకపోతే ముందు లేచి ఆ పని చేసి వస్తాను.