పగలు పడుకునేవాళ్ళ పేజీ

మా ఆవిడ నర్సు. నైట్ డ్యూటీ చేసొచ్చి పొద్దున్నే పడుకుంటుంది. కువైట్‌లో, రిగ్గై అనే పేటలోని మా ఫ్లాటులో పగలు మిక్సీ వెయ్యం, కుర్చీ ఈడ్వం. పన్నెండేళ్ళుగా ఇదే అలవాటు. ఆ అలవాటే నన్ను ఆఫీసులో ఇరకాటంలో పెట్టింది.

కువైట్ సిటీలో ఒక కన్సల్టెన్సీలో పనిచేస్తాను. ఎప్పటికైనా భూగర్భ రైలు వస్తే పైనున్న భవనాలు ఎంత అదురుతాయో లెక్కగట్టి రిపోర్టు రాయడం నా పని. ఆసుపత్రికి, బడికి, మసీదుకి అదురు తగలకూడదని పట్టికలో రాశాం. లైను సరిగ్గా కిందనుంచి పోయే పాత బిల్డింగు ఒకటుంది. గదికి ఎనిమిదిమంది కార్మికులు. దాని ఎదురుగా 'పగలు ఖాళీ' అని ఎవరో రాసిపెట్టారు, అంటే పగలు అదిరినా ఫర్వాలేదని. నాకు ఒళ్ళు మండింది. రాత్రి కాపలా కాసేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు పగలు కాక ఇంకెప్పుడు పడుకుంటారు?

ఆ కోపంలోనే ఒక పేజీ అదనంగా రాశాను, తొలినాటి భూగర్భ విద్యుత్ ఇంజన్ల గురించి. వాటి రూపకర్తలు తెలివితక్కువ వాళ్ళేం కాదు. గేర్లుంటే గోల, అరుగుదల అని మోటారును నేరుగా ఇరుసు మీదే కట్టారు. సొరంగంలో పొగ బాధ తప్పింది. కానీ ఆ బరువుకీ పట్టాలకీ మధ్య స్ప్రింగు లేదు. చుట్టకుదురు లేకుండా నెత్తిన నీళ్ళబిందె పెట్టుకున్నట్టే. ప్రతి కుదుపూ పట్టాల్లోకి, నేలలోకి, పైనున్న ఇళ్ళలోకి పాకింది. ఇళ్ళవాళ్ళు గొడవ చేస్తే చివరికి ఆ ఇంజన్లనే పక్కనపెట్టి, పెట్టెల కిందే చిన్న మోటార్లు బిగించారు. మన బిల్డింగువాళ్ళకు గొడవ చేసే వీలు లేదు కాబట్టి పట్టాల కింద రబ్బరు పరుపు ముందే వెయ్యాలని ముగించాను.

మా మేనేజరుది హైదరాబాదు. మొత్తం చదివాడు.

"మంచిగనే రాసినవ్ భయ్. గానీ ఈ పాత ఇంజన్ల ముచ్చట ఎవడడిగిండు? ఇది పెడితే డిజైనంత మళ్ల మొదటికొస్తది. తీసెయ్, ఖలాస్."

ఆ పేజీ ఉండాల్సిందేనన్నాను. అతను గొంతు తగ్గించాడు.

"నీ ఇఖామా రెన్యువల్ ఈ నెల్లనే గదా?"

ఇఖామా అంటే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్టు. నాదాని మీదే మా అమ్మాయి ఇక్కడుంది. పదో తరగతి. ఆ పేజీ తీసేసి, 'పగలు ఖాళీ' అన్న పట్టిక కింద సంతకం పెట్టాను.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి మా ఆవిడ మంచినీళ్ళకు లేచింది. ఆ పేజీ రాసినరోజే ఆమెకు చెప్పాను.

"ఆ పేజీ పంపేరా?"

"పంపాను."

"హమ్మయ్య. మా వార్డు తుడిచే ఆవిడ అలాంటి బిల్డింగులోనే ఉంటందండీ. పగలు కన్ను మూతపడదని ఒకటే ఏడుపు."

మళ్ళీ వెళ్ళి పడుకుంది. నిజం చెప్పే ధైర్యం రాలేదు. ఆమె నిద్ర చెడకుండా గది తలుపు మెల్లగా దగ్గరికి వేశాను. పన్నెండేళ్ళుగా రోజూ చేస్తున్న పనే. ఆ రోజు మాత్రం అది చేస్తుంటే సిగ్గేసింది.