లేని బంగారం పోయిన కథ

ఆ రోజుల్లో ఒక వార్త పుట్టాలంటే ముందు ఏదో ఒకటి జరిగి తీరాలని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. జరగనక్కర్లేదనీ, ఎవరో ఒకరు మర్యాదకు పోయి నోరు మూసుకున్నా చాలుననీ బోధన్‌లో మా ఇంట్లో దొంగతనం అయ్యాకే తెలిసింది. మా ఇల్లంటే మామూలు ఇల్లు కాదు. ఒకప్పుడు చుట్టుపక్కల చెరుకులో సగం మాదేనట. నాకు ఊహ తెలిసేసరికి చెరుకు చేతులు మారిపోయింది, నిటారు నడుము మాత్రం మిగిలింది. డిగ్రీ అయ్యాక నేను ఎరువుల దుకాణంలో బిల్లులు రాసేవాణ్ణి. (ఎవరైనా అడిగితే "వ్యవసాయ రంగంలో ఉన్నాను" అనేవాణ్ణి.) మా బాపు వీధి చివర అగ్గిపెట్టె కొనడానికైనా ఇస్త్రీ చొక్కా లేనిదే గడప దాటేవారు కాదు. ఇక అవ్వ, అంటే బాపు వాళ్ళమ్మ, బయటికి వస్తే జనం అరుగుల మీంచి లేచి నిలబడేవారు.

మేమంతా కోటగిరిలో పెళ్ళికి వెళ్ళిన రోజున, వెనక గోడ కూలిన చోటు నుంచి దొంగ లోపలికి వచ్చాడు. (ఆ గోడ ఎప్పుడో కూలింది. గాలి బాగా వస్తోందని కట్టించలేదని చెప్పుకునేవాళ్ళం.) బీరువాలు తెరిచాడు, సందుగలు తెరిచాడు, చివరికి మా తాతగారు పాన్ నమిలి ఉమ్మేయడానికి వాడిన ఇత్తడి ఉగాల్దాన్ ఒక్కటి పట్టుకుని వెళ్ళిపోయాడు. "పాపం, ఎంత ఆశతోని వచ్చిండో" అని అవ్వ నిజంగానే నొచ్చుకుంది.

మర్నాడు ఊళ్ళో కేబుల్ చానల్ నడిపే కుర్రాడు వచ్చాడు. ఎప్పుడూ చేతిలో మైకుండేది కాబట్టి అందరూ మైకన్న అనేవారు.

"దొరా, బంగారం ఎంత పోయింది?" అన్నాడు.

బాపు వెన్ను ఇంకాస్త నిటారయింది. "మా ఇంట్ల ఏమున్నదో, ఏం పోయిందో అడుగుడు మర్యాద కాదు."

అంతే. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ మౌనాన్ని మైకన్న తీసుకెళ్ళి కరిగించి బంగారం చేశాడు. సాయంత్రానికి తెర అడుగున ఎర్ర అక్షరాలు పరుగెత్తాయి: 'దొరవారింట భారీ చోరీ! కిలో బంగారం మాయం? సరిహద్దు దాటొచ్చిన ముఠా పనేనా?' దాని వెనకే గుండెలదిరే సంగీతం. ఇదంతా అబద్ధమని చెప్పేయాలని ఆవేశపడ్డాను గానీ, మర్నాడు హోటల్లో చాయ్ పోసే అతను నా కప్పుకు సాసర్ కూడా పెట్టేసరికి ఆ ఆవేశం కొంత చల్లారింది.

కానీ వీధి మారిపోయింది. అరుగుల మీద చాటలు ఒళ్ళో పెట్టుకుని, లోకం మొత్తాన్ని తూర్పారబడుతూ బీడీలు చుట్టే ఆడవాళ్ళు తలుపులు బిగించుకుని లోపల కూర్చున్నారు. దొంగల కళ్ళలో కొట్టడానికి కారప్పొడి పక్కనే పెట్టుకున్నారు. ఒకావిడ దగ్గర అది పొగాకులో కలిసిపోయిందట. (ఆ బీడీలు ఎవరు కాల్చారో గానీ, ముఠాను మాత్రం వాళ్ళు మరిచిపోయి ఉండరు.)

ఆ వారంలోనే ఉల్లిగడ్డల మామ వచ్చాడు. మహారాష్ట్ర నుంచి మోపెడ్ మీద బస్తా వేసుకుని, నా చిన్నప్పటి నుంచీ మా వీధికి వస్తున్నవాడే. ఆ రోజు మాత్రం అందరికీ అతను సరిహద్దు దాటొచ్చినవాడిగా కనిపించాడు. చుట్టూ మూగి బండి తాళం గుంజుకున్నారు. బస్తా కుమ్మరించారు.

"గీ ఇనుప బాట్లెందుకు? తలకాయలు పలగ్గొట్టనీకేనా?"

"ఉల్లిగడ్డ తూకానికి, అక్కా! మీ చోర్ నాహీ, బాబా!" అని, తాను దొంగను కానని మరాఠీలో మొత్తుకుంటూ చేతులు జోడించాడు. అప్పటికే ఒకడు కట్టె ఎత్తాడు.

నేను ఇంటికి పరుగెత్తాను. "బాపూ, మీరొచ్చి ఏం పోలేదని చెప్పుండ్రి. మామను కొట్టేటట్టున్నరు."

బాపు ముఖం వాడిపోయింది. "ఇన్ని దినాలు ఊకున్నం. ఇప్పుడు చెప్తే ఇజ్జత్ ఏంగావాలె?" అన్నారు. చొక్కా కోసం చెయ్యి చాపారు గానీ, అది కొక్కెం దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

అవ్వ అదంతా విని చెప్పులు తొడుక్కుని బయల్దేరింది. ఆమెను చూసి జనం దారి ఇచ్చారు.

"వాన్ని ఇడువుండ్రి."

"దొరసానీ, మీది కిలో బంగారం పోయె గదా!"

"ఎవడ్రా చెప్పింది?"

"టీవీల వచ్చింది."

"టీవీల వస్తే నా సందుగలకు వస్తదా? గట్లయితే రోజూ ఎయ్యమను. ఉన్న ఒక్క గొలుసు మీ పెద్దదొర దవాఖానల ఉన్నప్పుడే అమ్ముకున్న. దొంగ ఎత్కపోయింది ఉమ్మేసే ఉగాల్దాన్. కావాల్నంటే ఈని బస్తల ఎతుకుండ్రి."

కట్టె దిగింది. గుంపు వెనక నిలబడ్డ మైకన్న నసిగాడు. "మరి హెడ్డింగ్ ఏం పెట్టాలె, అవ్వా?"

"ఇత్తడి అని పెట్టు."

మామ కింద పడ్డవి ఏరి, దోసెడు ఉల్లిగడ్డలు ఆమె కొంగులో పోయబోయాడు. అవ్వ కొంగు వెనక్కి లాక్కుంది. "దొరల ఇంటికి ఊకె ఇస్తవా? తూకమెయ్యి." అతను తూచాడు. సంచి నా భుజానికెక్కింది. తలెత్తకుండా ఇంటిదాకా మోశాను. అవ్వ మాత్రం ముందు నడుస్తోంది. ఈసారి ఆమె కోసం లేచినవాళ్ళు ఆమె దాటిపోయాక కూడా కాసేపు కూర్చోలేదు.

ఆ సంగతి చానల్లో రానేలేదు. ఏమీ పోలేదన్నది వార్త కాదట. అందుకే ఆ ముఠా ఎప్పటికీ దొరకలేదు. మా వైపు కొందరు ఇప్పటికీ దాని పేరు చెప్పి పిల్లలకు అన్నం తినిపిస్తారు.

ఇప్పుడు బోధన్ వదిలి కంఠేశ్వర్‌లో కిరాయి ఇంట్లో ఉంటున్నాం. మొన్న మా ఆవిడ ఫోన్లో ఏదో ముఠా తిరుగుతోందని వీడియో చూపించింది. అదంతా ఉత్తదని, జనాన్ని బెదరగొట్టి బతుకుతారని ఆమెకు నిటారుగా కూర్చుని ఉపన్యాసం ఇచ్చాను. ఇచ్చి, లేచి వెళ్ళి తలుపు గడియ సరిగ్గా పడిందో లేదో చూసి వచ్చాను.

ఆమె నవ్వింది. "మనింట్ల ఏమున్నదని?"

"ఏమున్నదని కాదే" అన్నాను. "ఏమీ లేదని దొంగకు తెలిస్తే ఎట్ల?"