గార్డుగారి పాటకు వన్స్‌మోర్

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. పాలవాడు రెండు నిమిషాలు ఆలస్యమైతే మల్కాజ్‌గిరికి పాల కరువొచ్చిందని వీధంతా చాటిన మనిషిని. కాబట్టి కింద కనిపించే ప్రతి అంకెనూ కోసుకుని చదువుకోండి.

మా పక్కింట్లో రిటైరైన రైల్వే గార్డుగారున్నారు. సర్వీసులో ఉండగా ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ల దగ్గర అమెరికా పల్లెల పాటలు, అదే కంట్రీ మ్యూజిక్, పట్టేశారు. ఆయన గిటార్ తీస్తే మా వీధి కుక్కలు మొరగడం మాని వరుసగా కూర్చుంటాయి. సికింద్రాబాద్‌లో ఈ పాటల పిచ్చి ఉన్నవాళ్లంతా ఏటా ఒక ఆదివారం సాయంత్రం రాంగోపాల్‌పేట్‌లో ఒక బడి హాలు తీసుకుని అవార్డుల సభ జరుపుకుంటారు. వచ్చినవాళ్లందరికీ కౌబాయ్ టోపీలు ఉండాల్సిందే. వాటిని కుట్టేది రెజిమెంటల్ బజార్‌లో పెళ్లి బ్యాండువాళ్ల దర్జీ కనుక ప్రతి టోపీకీ జరీ అంచు. ఉత్తమ గాయకుడి కప్పులో మా ఇంటిల్లిపాదికీ పప్పు వండొచ్చు. గార్డుగారు పద్దెనిమిదేళ్లుగా పోటీ చేస్తున్నారు, పద్దెనిమిదేళ్లుగా రెండో స్థానమే. కప్పు మాత్రం ఒక పళ్ల డాక్టరు ఎగరేసుకుపోతుంటాడు.

కిందటి సభకు వారం ముందు ఆయన నన్ను గోడ దగ్గరికి పిలిచారు.

"తమ్మీ, గీసారి సుత కప్పు రాలేదనుకో, గిటార్ అటకెక్కిస్త. మల్ల దింప."

నవ్వుతూనే అన్నారు గానీ, ఆ నవ్వు మీసం దాకా వచ్చి ఆగిపోయింది. ఇక లాభం లేదని చప్పట్ల దండును సిద్ధం చేశాను. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మా బంధువులు నలభై మందిని, మా మామయ్య నాయకత్వంలో, లోకల్ రైలెక్కించాను. వాళ్లకు కంట్రీ మ్యూజిక్ తెలీదు. పౌరాణిక నాటకాలు తెలుసు. పద్యం చివర నటుడు రాగం తీస్తే వన్స్‌మోర్ అని కేకెయ్యాలి, అతను మళ్లీ పాడాలి. అదీ వాళ్లెరిగిన మర్యాద.

ఇక్కడి పద్ధతి వేరు. మనిషికి ఒక్క పాట, అయిదు నిమిషాలు. గంట కొట్టాక కూడా పాడితే పోటీలో లేనట్టే. గంట కొట్టేది ఒక రిటైర్డు హెడ్‌మిస్ట్రెస్. ఈ సంగతి మావాళ్లకు నేను చెప్పనేలేదు.

గార్డుగారు రైలు తప్పిపోయినవాడి పాట ఒకటి ఎత్తుకున్నారు. చివర్లో గొంతును పాతాళం నుంచి ఒక్క విసురున పైకప్పుకు అంటించి, అక్కడ ఊయలలూపారు. హాల్లో ఫ్యాన్లు తిరగడం మానేశాయి. అప్పుడు చీకట్లోంచి మా మామయ్య వన్స్‌మోర్ అని ఒక్క కేక వేశారు. వెనకే నలభై గొంతులు.

గార్డుగారు గంట వైపు చూశారు. జెండా ఊపనిదే ఏనాడూ బండిని కదలనివ్వని మనిషి. చెయ్యి చాపితే అందేంత దూరంలో, బల్ల మీద కప్పు. మైకు దగ్గరికి వంగారు.

"ముప్పై అయిదేండ్లు టైముకు బండి నడిపిన మేడమ్. ఇయ్యాల జెర లేటయితది."

మళ్లీ పాడారు. గంట మోగింది. ఇంకోసారి పాడారు. నాలుగోసారికి హెడ్‌మిస్ట్రెస్‌గారు గంటతోనే తాళం వేస్తున్నారు. కప్పు మామూలుగానే పళ్ల డాక్టరుకు వెళ్లింది, అందుకుంటూ అతను కూడా గార్డుగారి పాటే కూనిరాగం తీశాడు.

తిరుగు రైల్లో నేను నీళ్లు నమిలి, మామయ్య తెలియక అరిచారని, మనసులో పెట్టుకోవద్దని గార్డుగారికి చెప్పుకున్నాను. ఆయన గిటార్‌ను ఒళ్లో సర్దుకున్నారు.

"కప్పెవనికి గావాలె తమ్మీ. ఇన్నేండ్లల్ల మల్లొక్కసారి పాడుమన్నోడు లేడు. వచ్చే ఏడు సుత మీ మామను తోల్కరా."

ఇప్పుడు లెక్క ఒప్పజెబుతాను. నలభై మందిని పదకొండు చేసుకోండి. కప్పులో పప్పు ఇద్దరికే సరిపోతుంది. ఇవన్నీ ఉన్నదాన్ని ఉబ్బించడమే. లేనిది కల్పించింది ఒక్కటే: కేక వేసింది మామయ్య కాదు. ఆయన జరీ టోపీ మొహం మీద బోర్లించుకుని మొదటి పాటకే నిద్రపోయారు. అరిచింది నేను. గంట సంగతి తెలిసీ, ఆ రాగానికి ఆగలేక అరిచాను. కప్పు పోయేసరికి భయపడి నేరం మామయ్య మీదికి నెట్టాను.

అప్పట్నుంచి ఆదివారం ఆదివారం గార్డుగారింటి నుంచి మామయ్యకు కేకు వస్తోంది. ఆయన ఒక్కసారైనా కాదనలేదు. పైగా తింటూ తింటూ నాతోనే అంటారు: "పాట అంత బాగుంటే అరవకుండా ఎలగుంటామేటిరా."