నన్ను నమ్మడానికి వాడెవడు?

లోకంలో ఎవరికైనా తనిఖీ అంటే భయం. మా తోడల్లుడికి మాత్రం తనిఖీ చెయ్యకుండా వదిలేస్తే ఒళ్ళు మండిపోతుంది. జేబులో టికెట్టో, చీటీయో, కార్డో ఉందంటే, దాన్ని చూడవలసినవాడు కళ్ళు పెట్టి చూసేదాకా ఆయనకి అన్నం సయించదు. అందుకే బంధువులందరూ ఆయన్ని రుజువుగారు అంటారు. ఆయన ఎదురుగా ఉన్నప్పుడు నేను అన్నయ్యగారు అంటాను, పక్కకి వెళ్ళాక రుజువుగారు అంటాను.

ఒకసారి రైల్లో టికెట్ కలెక్టరు అందరి టికెట్లూ చూసుకుంటూ వచ్చి, ఈయన దగ్గర ఆగి, "మీరు కూర్చోండి సార్" అని ముందుకి వెళ్ళిపోయాడు. ఈయన చెప్పులు కూడా వేసుకోకుండా లేచి పెట్టెలన్నీ దాటి అతన్ని పట్టుకున్నాడు.

"నా టికెట్ చూడలేదు మీరు."

"అక్కర్లేదు సార్. మిమ్మల్ని చూస్తేనే తెలుస్తోంది."

"ఏం తెలుస్తోంది? నన్ను నమ్మడానికి మీరెవరండీ?"

పాపం ఆ కలెక్టరు టికెట్ తీసుకుని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, నమస్కారం పెట్టి మరీ తిరిగిచ్చాడు. మందుల షాపులో చీటీ చదవకుండా మాత్రలిచ్చినా ఇంతే. మాత్రలు వెనక్కిచ్చేసి, చీటీ చదివించి, మళ్ళీ అవే మాత్రలు పుచ్చుకుంటాడు. ఆయన ఉద్యోగం తూనికల శాఖలో, దుకాణాల తక్కెళ్ళకి ముద్రలు వెయ్యడం. ఇన్నేళ్ళుగా తను వేసిన ముద్రని ఒక్క కొనుగోలుదారుడైనా తిప్పి చూసిన పాపాన పోలేదట. ఆ ఉక్రోషం మిగతా లోకమంతటి మీదా తీర్చుకుంటున్నాడని మా వదినగారు, అంటే ఆయన భార్య, అంటుంది.

కిందటేడు మేం రెండు జంటలం కలిసి విదేశం వెళ్ళాం. ఆలోచన వదినగారిది. ఏదో పత్రికలో సముద్రం అంచునే సాగిపోయే రోడ్డు బొమ్మ చూసి, చచ్చేలోపు ఆ రోడ్డు మీద కారులో వెళ్ళాలని పట్టుబట్టింది. అయితే ఆ దేశంలో కారు నడపాలంటే మన లైసెన్సు ఒక్కటే చాలదు. మన లిపి వాళ్ళకి రాదు కదా. ఈ మనిషి ఫలానా బండి నడపగలడు అని అందరికీ తెలిసే గుర్తులతో మన ఆఫీసువాళ్ళు రాసిచ్చే చిన్న పుస్తకం కూడా ఉండాలి. దాన్ని పర్మిట్ అంటారు.

వదినగారు ముందే వెళ్ళి తనది తెచ్చేసుకుంది. ఆవిడకి కుట్టు దుకాణం ఉంది. రోజూ కారు నిండా బట్టల మూటలు వేసుకుని ఊరంతా తిరుగుతుంది. ఆవిడ పర్మిట్ ఎవరో పాత గుమాస్తా టీ తాగుతూనే రాసిచ్చేశాడట. "టీ తాగుతూ రాసింది ఎక్కడైనా చెల్లుతుందా?" అని రుజువుగారు దాన్ని అవతల పడేశాడు.

ఆయన పర్మిట్ రాసింది మాత్రం కొత్తగా చేరిన ఆవిడ. నలభై దాటి ఉంటాయి. భర్త పోతే ఆయన ఉద్యోగం ఈవిడకిచ్చారు, కానీ ఇంకా ఖాయం చెయ్యలేదు. పర్మిట్ రాయడం అదే మొదటిసారి. ఒక్కో అక్షరానికీ ఊపిరి బిగబట్టి, రాశాక వదులుతోంది. నేను రుజువుగారి పక్కనే నిలబడి ఉన్నాను. ఇంతలో లోపలి గదిలోంచి ఆఫీసరు వచ్చి, వరసలో ఉన్నవాళ్ళందరూ వినేలా అరిచాడు.

"ఏమ్మా, ఒక్క పర్మిట్‌కి ఇంతసేపా? మొన్న లైసెన్సులో ఒక తప్పు, నిన్న రసీదులో ఒక తప్పు. ఇది కూడా తప్పొచ్చిందంటే ఇంక ఇంట్లోనే కూర్చోండి. మీ బదులు ఇంకొకర్ని వేసుకుంటాం."

ఆవిడ తల ఎత్తలేదు. రుజువుగారి చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది తప్పని ఎవరు చెప్పారండీ?"

"ఒప్పని మీకెవరు చెప్పారు?" అన్నాడు ఆఫీసరు.

"ఎవరూ చెప్పలేదు. అందుకే ఆ దేశం పోలీసుకే చూపిస్తాను. అతనేమన్నాడో తిరిగొచ్చి మీ ఎదుటే చెబుతాను. అప్పటిదాకా ఆవిణ్ణి ఒక్క మాటన్నా ఊరుకునేది లేదు."

ఆఫీసరు నవ్వాడు. "అలాగే రండి. ఆ రోజే ఈవిడ సంగతి కూడా తేల్చేద్దాం" అన్నాడు.

ఆవిడ గబగబా ముద్ర కొట్టింది. రుజువుగారు పేరు చూశాడు, పుట్టిన తేదీ చూశాడు, ఫొటో తనదేనా కాదా అన్నది కూడా చూశాడు. ముద్రకి సిరా బాగా అంటిందా లేదా అని కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతుర్లో పెట్టి చూశాడు. తర్వాత చొక్కా జేబులో పెట్టుకుని, "మీరేం బెంగపెట్టుకోకండమ్మా, నేను చూపించుకొస్తాను" అన్నాడు.

తీరా ఆ దేశంలో దిగితే, ఆ పర్మిట్ మొహం చూసేవాడే లేడు. కార్లు అద్దెకిచ్చే చోట బల్ల వెనక మీసాలాయన మన లైసెన్సు మీద ఫొటో ఒక్కటి చూసి తాళం చేతిలో పెట్టేశాడు. అక్కడి భాష నాకు కాస్తో కూస్తో వచ్చు కాబట్టి దుబాసీ పని నాదే.

"పర్మిట్ చూడమను తమ్ముడూ."

చెప్పాను. మీసాలాయన చెయ్యి అడ్డంగా ఊపాడు.

"అక్కర్లేదంటున్నాడు అన్నయ్యగారూ. మీరు పెద్దమనిషిలా కనిపిస్తున్నారట."

"పెద్దమనిషినని ఎవరు చెప్పారు వాడికి? ఎక్కడ రాసుంది? నన్ను నమ్మడానికి వాడెవడు?"

టోల్‌గేటు దగ్గర మనిషే లేడు. ఒక స్తంభం ఉంది. కారు దగ్గరికి రాగానే దాని కర్ర దానంతటదే పైకి లేచింది. రుజువుగారు కారు ఆపి, అద్దం దించి, పర్మిట్ ఆ స్తంభానికి చూపించాడు. వెనక కార్లవాళ్ళు హారన్లు మోగిస్తున్నారు. "కర్రకి కూడా నా మీద నమ్మకమే!" అని పళ్ళు కొరుక్కున్నాడు. హోటల్లో కౌంటరు దగ్గరమ్మాయి అయితే, పర్మిట్ చూసి మురిసిపోయి, ఇలాంటివి మీ ఊళ్ళో ఎక్కడ అమ్ముతారని అడిగింది. అది నేను ఆయనకి చెప్పలేదు. చెబితే ఆ రాత్రి మాకెవరికీ నిద్ర ఉండేది కాదు.

మర్నాడు పొద్దున్నే నన్ను వెంటపెట్టుకుని నేరుగా పోలీసు స్టేషనుకే వెళ్ళాడు. అక్కడి పోలీసాయన మర్యాదగా కుర్చీ చూపించాడు.

"ఏం జరిగింది?"

"ఏమీ జరగలేదు. ఈ పర్మిట్ చూస్తే చాలు."

"ఎవరినైనా గుద్దారా?"

"లేదు."

"మిమ్మల్ని ఎవరైనా గుద్దారా?"

"అదీ లేదు."

"అయితే ఇక్కడ మీకేం పని లేదు. హాయిగా తిరగండి."

బయటికొచ్చి మెట్ల మీద నిలబడి రుజువుగారు వీధి వినేలా అరిచాడు. "తప్పు చేస్తేనే చూస్తారా? బుద్ధిగా అన్నీ తెచ్చుకున్నవాడి కాగితానికి విలువ లేదా? అక్కడ ఆవిడ అంత భయపడుతూ రాసిందే, ఇక్కడ వీళ్ళకి చదవడానికి బద్ధకమా?"

ఇంక మిగిలింది వదినగారి సముద్రం రోడ్డు ఒక్కటే. బొమ్మలో ఉన్నట్టే ఉంది. ఒకపక్క కొండ, ఇంకోపక్క కిందదాకా నీలం. "ఏమండీ, కాసేపు నేను నడుపుతానండీ" అని వదినగారు బతిమాలింది. "నీ పర్మిట్ టీ పర్మిట్. కూర్చో" అన్నాడాయన. అని, కారుని నత్తనడకకి దించాడు. మరీ నెమ్మదిగా వెళ్తే పోలీసులు ఆపుతారని హోటల్లో ఎవరో చెప్పారట. మా వెనక కార్లు కొండ మలుపు దాకా బారులు తీరాయి. ఒక ముసలాయన సైకిలు మీద మమ్మల్ని దాటుకుంటూ జాలిగా చూశాడు. సిగ్గుతో మా ఆవిడ చీర కొంగు మొహం మీదికి లాక్కుంది.

అన్నట్టుగానే పోలీసు ఆపాడు. రుజువుగారి మొహం దీపం పెట్టినట్టు వెలిగిపోయింది.

"ఎందుకింత నెమ్మదిగా వెళ్తున్నారు? వెనక చూశారా?"

"వెనక సంగతి తర్వాత. ముందు పర్మిట్ చూడమని చెప్పు తమ్ముడూ!"

పోలీసు చూశాడు. మొదటి పేజీ చూశాడు, రెండో పేజీ చూశాడు, ఫొటోనీ మనిషినీ మార్చి మార్చి చూశాడు. రుజువుగారు తలుపుకి ఆనుకుని, ఆయన తిప్పే ప్రతి పేజీతోపాటూ తలాడిస్తున్నాడు. చివరి పేజీ దగ్గర పోలీసు ఆగి నా వైపు తిరిగాడు.

"మోటారుసైకిలు ఏదీ?"

"ఏ మోటారుసైకిలు?"

"ఈయన నడపవలసింది."

పర్మిట్ చివరి పేజీలో బండ్ల బొమ్మలతో గడులుంటాయి. మనం ఏ బండి నడపవచ్చో ఆ గడిలో ముద్ర వెయ్యాలి. కారు గడి ఖాళీగా ఉంది. ముద్ర మోటారుసైకిలు గడిలో, సిరా చక్కగా అంటి, మెరిసిపోతూ ఉంది. సిరా చూసిన మహానుభావుడు గడి చూడలేదు. మన లైసెన్సులో కారుందని నేను వాదించాను. "మీ అక్షరాలు నాకు రావు. రావనే కదా ఈ పుస్తకం" అన్నాడు పోలీసు. దిగమన్నాడు, కారు నడపగలిగినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అన్నాడు.

వదినగారు సంచీలోంచి టీ పర్మిట్ తీసిచ్చింది. పోలీసు చివరి పేజీ చూసి, ఆవిడకి సెల్యూట్ కొట్టి, డ్రైవరు సీటు తలుపు తనే తెరిచాడు.

వదినగారు స్టీరింగు పట్టుకోగానే మా ఆవిడ మొదలుపెట్టింది. "ఎంత అన్యాయం బావగారూ! ఎవత్తో చూసుకోకుండా కొట్టిన ముద్రకి నడిరోడ్డు మీద మిమ్మల్ని దింపేశారు. వెళ్ళగానే ఆ ఆఫీసరుతో చెప్పెయ్యండి."

రుజువుగారు వెనక సీట్లో నా పక్కన కూర్చుని, సముద్రం వైపు కూడా చూడకుండా ఆ ముద్రనే చూస్తున్నాడు. ఆఖరికి గొంతు తగ్గించి అన్నాడు.

"తమ్ముడూ, వెళ్ళగానే ఆఫీసరు అడుగుతాడు కదూ?"

"అడుగుతాడు. జరిగింది చెప్పండి. తప్పు మీది కాదుగా."

"అదే తమ్ముడూ. నాదైతే ఎంత బాగుండేది."

ఊరికి తిరిగొచ్చాక ఆయన ఆ ఆఫీసుకి వెళ్తూ నన్ను కూడా రమ్మన్నాడు. కౌంటరు దగ్గర ఆవిడే ఉంది. మమ్మల్ని చూడగానే కలం కింద పెట్టేసింది. ఆఫీసరు కూడా చూశాడు. ఈ రోజు కోసమే కాచుకున్నట్టు గదిలోంచి బయటికొచ్చాడు.

"వచ్చారా! పోలీసు చూశాడా?"

"చూశాడు. ప్రతి పేజీ చూశాడు."

ఇంతవరకూ నిజమే.

"ఏమన్నాడు?"

"ఇంత పొందికైన చేతిరాత చూడలేదన్నాడు. సెల్యూట్ కొట్టాడు."

సెల్యూట్ కొట్టిన మాట కూడా నిజమే. ఎవరికి అన్నది ఆయన చెప్పలేదు.

"ఏదీ, పర్మిట్ ఇలా ఇవ్వండి. నేను కూడా చూస్తాను."

రుజువుగారి చెయ్యి జేబు మీదికి వెళ్ళి అక్కడే అతుక్కుపోయింది. కాగితం చూపించమంటే చూపించకపోవడం ఆ మనిషి జీవితంలో అదే మొదలు.

"ఎందుకివ్వాలండీ?" అని ఒక్కసారిగా గర్జించాడు. "మనిషి ఎదురుగా నిలబడి నోటితో చెబుతుంటే కాగితం అడుగుతారా? నా మొహం చూస్తే అబద్ధాలాడేవాడిలా ఉందా? నలుగురిలో నన్ను అనుమానించడానికి మీరెవరండీ?"

కౌంటరు మీద కలాలు ఎగిరిపడ్డాయి. వరసలో ఉన్నవాళ్ళు కూడా అందుకున్నారు. "పెద్దాయన అంతలా చెబుతుంటే నమ్మరేంటి సార్?" అని ఒకాయన, "ఆ మొహం చూస్తే తెలియట్లేదూ?" అని ఇంకొకావిడ. ఆఫీసరు నాలుగువైపులా చూసి, "సరే సరే, నమ్మాను మహాప్రభో. ఆవిణ్ణి ఎవరూ పంపెయ్యట్లేదు. మీరు వెళ్ళండి" అని లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

రుజువుగారు చెమట తుడుచుకుని కౌంటరు మీదికి వంగాడు.

"అమ్మా, మొదటి గడి మోటారుసైకిలు. కారుది రెండోది."

ఆవిడ మొహం తెల్లబోయింది. జేబు మీదున్న ఆయన చేతిని చూసింది, ఆయన్ని చూసింది. కళ్ళు నిండాయి. అంతలో అంతకంటే పెద్ద సందేహం ఏదో వచ్చినట్టుంది.

"మరి అక్కడ కారు ఎలా నడిపారండీ?"

"నేను నడపలేదమ్మా. మా ఆవిడ నడిపింది." అటూ ఇటూ చూసి గొంతు ఇంకా తగ్గించాడు. "నాకంటే బాగా నడిపింది. ఈ మాట మాత్రం బయటికి పోకూడదు."

ఆవిడ ఎవరికీ చెప్పి ఉండదు. నేను మాత్రం ఇంటికి చేరగానే వదినగారికి చెప్పేశాను. ఆ రోజు నుంచి కారు తాళం ఆవిడ సంచీలోనే ఉంటోంది. రుజువుగారు పక్క సీట్లో కూర్చుని దారి చెబుతున్నాడు.