బ్లాక్ బాల్‌కి తగిలిన చొక్కా

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి స్నూకర్ ఆడతానంటే మా నాన్న, "బీటెక్ చదివిచ్చింది గోలీలాడేదానికా రా?" అన్నాడు. కడప నుంచి వచ్చి కొండాపూర్‌లో అపార్ట్‌మెంట్లు కట్టే మనిషి. చివరికి ఒక మాటకి ఒప్పుకున్నాడు. ఈసారి రాష్ట్ర జట్టులోకి వస్తే ఆడుకోవచ్చు, రాకపోతే మర్నాటి నుంచి ఆయనతో సైట్‌కి పోవాలి.

జట్టులో ఒక్క చోటే మిగిలింది. దానికోసం గచ్చిబౌలిలో నాతో తలపడింది, నాకు ఆట నేర్పినాయనే.

ఆయనది ఖాజాగూడ. కొత్తగూడలో ఒక సెల్లార్ క్లబ్బులో నా చేతికి క్యూ కర్ర ఇచ్చాడు. నాకు ముక్కు మీద కోపం. షాట్ పోతే టేబుల్‌నీ, ఏసీనీ, పక్కన నవ్వినవాణ్ణీ వరసగా తిట్టేవాణ్ణి. "జర నీళ్లు తాగు తమ్మీ, ఇగ ఆడు" అనేవాడు. ఒక్క విషయంలో మాత్రం ఆయన ఊరుకునేవాడు కాదు. చొక్కా అంచు బాల్‌కి తగిలినా ఫౌలే. రెఫరీ చూడకపోయినా తగిలించినవాడే చెయ్యెత్తాలి, ఎదుటివాడు అడగకూడదు. మా క్లబ్బులో అందరం అలాగే ఆడేవాళ్లం.

ఆఖరి ఆట, ఆఖరి ఫ్రేమ్‌లో పింక్, బ్లాక్ రెండు బాల్సే మిగిలాయి. రెండూ పాకెట్‌లో వేస్తే గెలుపు ఆయనది, అందులో ఏ ఒక్కటి నాకు పడినా నాది. పింక్ దూరంగా ఉంది. ఆయన టేబుల్ మీదికి బాగా వంగాడు. పొట్ట దగ్గర చొక్కా జారి బ్లాక్‌ని తాకింది. బాల్ కొంచెం కదిలింది కూడా. రెఫరీ అవతలి వైపున్నాడు. నా కుర్చీ ఇవతల.

పింక్ పడింది. చప్పట్లు. చెయ్యెత్తుతాడని చూశాను. ఆయన క్యూకి చాక్ రుద్దుకుంటూ నా వైపు చూడలేదు.

లేచి అరుద్దామని మాట నోటిదాకా వచ్చింది. అరిస్తే నేర్పినాయన పరువు పోతుంది, ఊరుకుంటే నా ఆట పోతుంది. ఎటూ తేలక కుర్చీ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆయన బ్లాక్ కొట్టాడు. అది పాకెట్ అంచుకి తగిలి, పడకుండా అక్కడే ఆగింది.

చిన్నపిల్లలైనా వేసే బాల్. నా కోపం మాత్రం ఇంకా దిగలేదు. మంచినీళ్ల సీసా అందుకుని సగం తాగాను. ఆయన చూస్తున్నాడని తెలుసు. వంగి మెల్లగా కొట్టాను. పడింది.

చెయ్యి కలిపి ఆయన వదల్లేదు. "నువ్వు చూసినవ్ గదా?"

"చూసినా అన్నా."

"ఎందుకు అడగలే?"

"నువ్వు చెప్తావనుకున్యా."

"గీ వయసుల మళ్ల నాకు పిలుపు రాదు తమ్మీ. చెయ్యి లేవలే." కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నువ్వు ఓడిపోయుంటే?"

"ఏం కాదులే అన్నా," అన్నాను.

అబద్ధం. ఆ బాల్ పడకపోయుంటే ఈ జన్మలో ఆయన ముఖం చూసేవాణ్ణి కాదు. ఆ సంగతి ఆయనకూ తెలిసినట్టుంది, నా చెయ్యి వదిలేశాడు.