నాకు నప్పే రంగు

పోయిన చలికాలంలో ఒక ఆదివారం, ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి వంజరం తెచ్చుకుందాం రమ్మని మా ఆయన తెల్లారకుండానే లేపాడు. చేపలు బేరం చెయ్యడం ఆయనకి రాదు, నాకొచ్చు. అందుకే ఆ ప్రేమ. పడవలు ఒడ్డుకి చేరి, వేలంపాటలు ముగిసి, మా చేప మా సంచిలో పడేసరికి ఆ సముద్రపు గాలికి నా పెదాలు బీటలువారాయి. నవ్వితే చురుక్కుమంటోంది. ఆయన్ని చేపతో ఇంటికి పంపేసి, టైలరు దగ్గర జాకెట్టు తెచ్చుకునే పనుండి నేను ద్వారకా నగర్‌లో దిగాను. పక్కనే ఒక ఫ్యాన్సీ షాపు. పెదాలకి రాసుకునేది ఏదైనా ఇమ్మంటే, ఫోనులో మునిగి ఉన్న అమ్మాయి బొటనవేలంత గొట్టం ఒకటి నా ముందు పెట్టింది. రంగుండదు కదా అని అడిగాను. "ఉండదాంటీ, లిప్ బామే కదా" అంది తలెత్తకుండా. దువ్వాడ వైపు వెళ్ళే ఆటోలో కూర్చుని, గొట్టం వైపు చూడకుండానే మండుతున్న పెదాలకి రెండుమూడు సార్లు దట్టంగా పూసుకున్నాను. గాజువాక దాటాక డ్రైవరు అద్దంలో ఒకావిడ కనిపించింది. ఒంటి ఛాయ నలుపే, పెదాలు మాత్రం కిళ్ళీ పండినట్టు ఎర్రగా, ముఖం కళకళలాడుతూ ఉంది. దారిలో ఎక్కిన మనిషెవరో, భలే ఉందే అనుకుని పక్కకి తిరిగాను. పక్కన కొబ్బరికాయల బస్తా ఉంది.

మా ఆయన కూరలో ఉప్పు, క్రికెట్‌లో స్కోరు తప్ప మరేదీ గమనించే మనిషి కాదు. అలాంటి మనిషి గుమ్మంలోనే నన్ను ఆపి, "ఏటి, ఎవులింటికైనా పేరంటానికెల్లొచ్చినావేటి? బాగున్నావే!" అన్నాడు. లోపలికెళ్ళి అద్దం ముందు నిలబడ్డాను. గొట్టం మూత తీసి చూస్తే లోపల మైనం ముదురెరుపు. దాని మీద చీమ తలకాయంత అక్షరాల్లో రంగు పేరు కూడా ఉంది. తుడిచేసుకుందామని పైటచెంగు ఎత్తాను కానీ చెయ్యి రాలేదు. నా ముఖం ఇలా కూడా ఉంటుందని పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన మనిషి ఒకరున్నారు. ఆవిడ మా అక్క.

అక్క అంటే తోబుట్టువు కాదు, తోడికోడలు. మా బావగారి భార్య. మా అత్తవారిది విజయనగరం అవతల పొలం చేసుకునే కుటుంబం. అన్నదమ్ములిద్దరికీ స్టీలు ప్లాంటులో ఉద్యోగాలొచ్చి దువ్వాడలో ఒకే ఇంట్లో కాపురం పెట్టారు, అత్తగారు మాతోనే ఉండేవారు. నేను కొత్తకోడలుగా వచ్చేనాటికి నాకు తెలిసిన అలంకారమల్లా కాటుక, కొబ్బరినూనె, జడలో కనకాంబరాలు. అక్క అలా కాదు. మెరిసే ఛాయ, చక్కటి ముక్కు, దానికి తోడు పెళ్ళికి ముందు టౌనులో బ్యూటీషియన్ కోర్సు నేర్చుకున్న చెయ్యి. ఆవిడ దగ్గర ఒక బిస్కెట్ల రేకుడబ్బా ఉండేది. అందులో పౌడర్లు, లిప్‌స్టిక్కులు, దూది, చిన్న చిన్న బ్రష్షులు. వీధిలో ఎవరింట్లో పెళ్ళిచూపులున్నా ముందు అక్కకి కబురు వెళ్ళేది, ఆ తర్వాతే మిఠాయి కొట్టుకి. అలాంటి అక్క, నేను వచ్చిన వారంలోనే నన్ను కిటికీ పక్కన పీట మీద కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని ముఖం వెలుగువైపు తిప్పి, ఎంతసేపు చూసిందో! మా అమ్మ కూడా నన్ను అంత శ్రద్ధగా చూసి ఉండదు. పుట్టింటి మీద బెంగపెట్టుకున్న పిల్లని కదా, ఆ చూపుకే నేను ఆవిడ మనిషినైపోయాను.

ఆవిడ చెప్పినవన్నీ ఇప్పటికీ నా నోటికి వచ్చు. "పెదాలు నాకీకే సెల్లీ, ఉప్పుగాలికి నాకితే ఇంకా పగిలిపోతాయి" అనేది. పొట్టు లేస్తే గోళ్ళతో పీకకూడదు. తడి తువ్వాలు అంచుతో మెల్లగా అద్ది, ఆ పైన కాస్త వెన్నపూస రాసి పడుకోవాలి. మన ఊరి చెమటకి పౌడరు రుద్దితే చారలు కడుతుంది, ముఖం కడుక్కుని తడి పూర్తిగా ఆరాక అద్దాలి, మెడకి కూడా అద్దాలి. "నేకపోతే మొకం ఒక ఊరు, మెడ ఒక ఊరు అయిపోద్ది." లిప్‌స్టిక్ ఒకసారి రాసి, రుమాలు పెదాల మధ్య పెట్టి నొక్కి, పైన చిటికెడు పౌడరద్ది మళ్ళీ రాస్తే పెళ్ళిభోజనంలో పప్పు దగ్గర్నుంచి పెరుగు దాకా చెక్కు చెదరదు. ఇంటికొచ్చాక కొబ్బరినూనెతో తుడవకుండా పడుకుంటే అక్కకి కోపం. ఎన్ని పెళ్ళిళ్ళకి వెళ్ళామో, వెళ్ళిన ప్రతిదానికీ ముందు నన్ను ముస్తాబు చేసి, ఆ తర్వాతే తను తయారయ్యేది. ఇవన్నీ నిజాలే. నేను నా కూతురికీ ఇవే నేర్పాను. ఇన్ని నిజాలు చెప్పిన మనిషి ఒక్కటి అబద్ధం చెబుతుందని ఎలా అనుకుంటాం?

ఆ ఒక్కటి రంగు. మొదటిరోజే తేల్చేసింది. "నల్లటోళ్ళకి ముదురు రంగు నప్పదే. ఎర్రటిది రాత్తే మొకం ఇంకా నల్లగ కనిపిత్తాది. నీకు లేత గులాబీయే." రేకుడబ్బాలో నా కోసమని ఒక లేత గులాబీ రంగు లిప్‌స్టిక్ వేరే పెట్టింది. అది అరిగిపోతే మళ్ళీ అదే తెచ్చేది. నన్ను డబ్బు అడిగేది కూడా కాదు. తను మాత్రం మెరూన్ రాసుకునేది. మా ఇద్దరికీ రంగులు అలా పంచేసినట్టుండేది, నాకు అందులో ఏ తప్పూ కనిపించలేదు. షాపులో అద్దం వెనక వరసగా ఎరుపులు కనిపిస్తే, అవి నాలాంటి వాళ్ళవి కావని నేనే ముఖం తిప్పుకునేదాన్ని.

ఆ లేత గులాబీ నా నల్లని ముఖం మీద గులాబీలా ఉండేది కాదు. బూడిదలా ఉండేది. వెళ్ళిన పెళ్ళిళ్ళ ఫోటోలన్నిటిలో నేను అప్పుడే జ్వరం నుంచి లేచి వచ్చినట్టుంటాను. ఆ ఫోటోలు చూసే మా అత్తగారికి భయం పట్టుకుంది. "ఈ పిల్లకి ఒంట్లో రగతం నేదురా" అని మా ఆయన్ని తరిమి డాక్టరు దగ్గరికి పంపింది. ఐరన్ మాత్రలు, రోజు విడిచి రోజు మునగాకు కూర, ఖర్జూరాలు. నెలల తరబడి తిన్నాను. ఒళ్ళొచ్చింది గానీ ఫోటోల్లో రక్తం మాత్రం రాలేదు. అత్తగారు నాకు మునగాకు కూర వడ్డిస్తుంటే పక్కన కూర్చున్న అక్క ఒక్కసారైనా, అది రక్తం కాదత్తా, రంగు అనలేదు. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది, ఆ వెంటనే ఒళ్ళు మండుతుంది.

అసలు సంగతి నాకు తెలియవలసిన రోజు ఒకటి అప్పట్లోనే వచ్చింది. మా ఆడపడుచు పెళ్ళయిన మర్నాడు, మగపెళ్ళివారి విందు. భోజనాలయ్యాక మా వైపు ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని కిళ్ళీలు వేసుకోవడం అలవాటు. నాకూ ఒకటి చుట్టి నోట్లో పెట్టారు. సున్నం సరిగ్గా కుదిరిందేమో, నోరు బ్రహ్మాండంగా పండింది. మా అత్తగారు నన్ను చూసి, "ఓలమ్మా, నా సిన్నకోడల్ని సూడండే, ఎంత కళగున్నాదో! లచ్చిందేవి లాగున్నాది" అని అందరికీ చూపించింది. వియ్యపురాలు నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. మా ఆయన నీళ్ళ గ్లాసు పట్టుకుని వచ్చి, ఎవరికివ్వాలో మరిచిపోయి నిలబడ్డాడు. అందరూ నవ్వారు. అక్క అందరికంటే ముందు నవ్వింది. నవ్వుతూనే నా మోచెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళింది. "హార్బరు కాడ సేపలమ్ముకునేదానిలాగున్నావే. ఆళ్ళు యెటకారం సేత్తన్నారు, నీకు తెలీడం నేదు" అని తువ్వాలు చివర కొబ్బరినూనె ముంచి నా పెదాలు మండేదాకా రుద్దింది. "నీ మంచికే సెప్తన్నాను" అంది. నేను నిజంగానే ఆవిడకి దణ్ణం పెట్టినంత పని చేశాను. నా పరువు కాపాడిందని. ఆ తర్వాత ఏ పెళ్ళిలోనూ కిళ్ళీ ముట్టుకోలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం వంజరం ముక్కలు పులుసులో ఉడుకుతుంటే నేను బీరువాలోంచి ఆల్బములు తీసి కూర్చున్నాను. ప్రతి ఫోటోలోనూ మేమిద్దరం పక్కపక్కనే ఉన్నాం. అక్క మెరూన్, నేను బూడిద. పొద్దున్న హార్బర్లో నేను బేరమాడిన ఆవిడ గుర్తొచ్చింది. నాకంటే నల్లగా, నోటినిండా కిళ్ళీతో, ఎంత బాగుందో! ఆ మాట మనసులో అనుకుంటూనే ధర తగ్గించమని పోట్లాడాను. చాలాసేపు అక్క తరఫున నేనే వాదించుకున్నాను. ఆ కోర్సులో అలాగే చెప్పారేమో. ఆ రోజుల్లో అందరూ అలాగే అనుకునేవారేమో. కానీ ఎటు తిరిగినా ఆ పెరడు దగ్గర ఆగిపోయేదాన్ని. ముఖం వెలుగువైపు తిప్పి అంతసేపు చూసిన మనిషికి, పెళ్ళికూతుళ్ళకి రంగులు ఎంచే మనిషికి, ఊరందరికీ కనపడింది కనపడలేదా? ఆ చూపులో ప్రేమ ఉందనే కదా నేను ఆ ఇంట్లో నిలదొక్కుకున్నాను. అది కూడా అబద్ధమైతే నాకు మిగిలిందేమిటి? పులుసు అడుగంటింది.

నెల తిరక్కుండానే అక్క మనవరాలికి ఓణీల ఫంక్షన్ వచ్చింది. వేరుపడి చాలాకాలమైనా మేముండేది నాలుగు వీధుల తేడాలోనే. ముందురోజు అక్క ఫోన్ చేసింది. "పెందలాడొచ్చీ సెల్లీ. నిన్ను నాను ముస్తాబు సేత్తాను కద." గొంతులో ఎప్పటి చనువే. వెళ్ళాను, పెదాలకి ఏమీ రాసుకోకుండానే వెళ్ళాను. ఆవిడ జుట్టు పూర్తిగా నెరిసింది, డబ్బా మాత్రం అదే. గదిలో మేమిద్దరమే ఉన్నాం. గడ్డం పట్టుకుని ముఖం కిటికీ వైపు తిప్పింది. పౌడరద్దింది. అలవాటుగా చెయ్యి లేత గులాబీ మీదికి వెళ్ళింది.

"అక్కా, ఈ పాలి మెరూన్ రాయీ" అన్నాను.

చెయ్యి ఆగింది. "నీకా?" అంది.

"నాకే."

డబ్బాలోంచి తన లిప్‌స్టిక్ తీసింది. పై పెదవి నడిమి ఒంపు, రెండు చివర్లు, కింది పెదవి. ఎక్కడా దిద్దుకోలేదు, తడుముకోలేదు. రుమాలు పెట్టి నొక్కమంది, పౌడరద్దింది, మళ్ళీ రాసింది. ఆ రంగు నా ముఖం మీద ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో ఎన్నోసార్లు రాసి చూసుకున్న మనిషిలా రాసింది. అయ్యాక వెనక్కి జరిగి చూసింది. ఆ మొదటి వారంలో చూసినట్టే చూసింది.

"బాగున్నాది" అంది. "నీకిది బాగుంటాదని నాకు తెల్సే. నువ్వు కాపరానికొచ్చిన రోజే తెల్సు."

"తెల్సా? మరెందుకక్కా..."

"తెల్సు కాబట్టే" అంది, డబ్బా మూత పెడుతూ. "నాకు సదువు నేదు, మీ బావకి నా మాటంటే లెక్క నేదు. ఆ ఇంట్లో నన్ను సూసీవోరంటే ఈ మొకం సూసే సూసీవోరు. నువ్వొచ్చీసినావు."

ఆవిడ క్షమించమని అడగలేదు. అరవాలనిపించింది. పీట మీంచి లేచి, ఇన్నేళ్ళు నేను నిన్ను ఎలా నమ్మానో తెలుసా అని అడగాలనిపించింది. ఆవిడకి తెలుసు, అదే కదా నా బాధ. మునగాకు కూర తింటున్నప్పుడు తెలుసు, పెరట్లో నా పెదాలు మండుతున్నప్పుడు తెలుసు. వెన్నపూస రాసిన ఆ వేళ్ళే బూడిదా పూశాయి. ఆ రెండింటిలో ఏది నిజమని అడిగితే ఆవిడ రెండూ నిజమే అంటుంది, నేను నమ్మినా నమ్ముతాను. అందుకే అడగలేదు. బయట పిల్లకి హారతికి పిలిచారు, వెళ్ళాం.

ఫోటో తీసే అబ్బాయి మమ్మల్ని దగ్గరగా జరగమన్నాడు. అక్క ఎప్పటిలాగే నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి నేను తీసెయ్యలేదు, ఆవిడ వైపు ఒరగనూ లేదు. మా ఆయన ఆ ఫోటో తన ఫోనులో పెట్టుకుని వచ్చిన వాళ్ళందరికీ చూపిస్తున్నాడు. నిజమే, అందులో నేను బాగున్నాను. కానీ అది యాభై దాటిన మనిషి ఫోటో. బీరువాలో ఉన్న ఆల్బములో, ఇరవై రెండేళ్ళ ఆ పిల్ల అక్క భుజానికి ఆనుకుని, బూడిద పెదాలతో ఇంకా నమ్మకంగా నవ్వుతూనే ఉంది. ఆ పిల్లకి ఈ రంగు రాద్దామన్నా ఇప్పుడు ఎవరి చెయ్యీ అందదు.