సేటు గారి మంచుకొండల తోట

హార్టికల్చర్ డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో ప్రపంచంలో నాకు తెలియని చెట్టు లేదనుకునేవాణ్ణి. ఆ వయసు అలాంటిది. ఆ ధీమాతోనే జమ్మికుంటలో పత్తి వ్యాపారం చేసే ఒక సేటు దగ్గర తోటపనికి కుదిరాను. ఆయన ఇంటిల్లిపాదితో సిమ్లా వెళ్లొచ్చి, తన ఫంక్షన్ హాలు ముందు అచ్చం అలాంటి తోటే కావాలని పట్టుబట్టాడు. దేవదారు, నీలిపూల జెన్షియన్, ఎర్రపూల రోడోడెండ్రాన్ లారీలో దిగాయి. (దిగేటప్పటికే సగం చచ్చాయి.) "సేటూ, గివి మంచుల పెరిగేటియి. మన ఎండకు ఆగయి" అన్నాను. "ఆగేటట్టు జేసుడే నీ పని. ఒక్క పువ్వు పూసినా నీ నౌకరి పక్కా. పూయకుంటె నీ తొవ్వ నువ్వు సూస్కో" అన్నాడు. మా బాపేమో నాకు నౌకరీ వచ్చిందని అప్పటికే చుట్టాలందరికీ చెప్పేశాడు!

ఎండలు ముదరకముందే జెన్షియన్ మాడిపోయింది. దేవదారు ఎండి ఎర్రబడితే సేటు దానికి పచ్చరంగు కొట్టమన్నాడు (కొట్టాను, ఏం చేస్తాను?). మిగిలిన ఒక్క రోడోడెండ్రాన్‌కు సోడా బండి దగ్గర ఐసు తెచ్చి మొదలు చుట్టూ పరిచాను, హాలులోని కూలర్‌ను గుమ్మంలోకి లాగి దాని వైపు తిప్పాను. అదే రోజు హాలులో పెళ్లి. పెళ్లికొడుకు మేనమామ నా మీదికి వచ్చాడు. "పిలగాడు చెమటల తడుస్తుండు, చెట్టుకు కూలరా? జర దిమాక్ ఉన్నదా నీకు?" ఆయన లోపలికి తిప్పడం, నేను బయటికి తిప్పడం. తలంబ్రాల దాకా ఇదే తంతు. ఆ మొక్క మీద నాకెంత ఒళ్లుమండేదో చెప్పలేను.

వానలు పడ్డాక ఆ మొండిది మొగ్గ తొడిగింది! సరిగ్గా సద్దుల బతుకమ్మ ముందురోజు ఎర్రటి గుత్తి విచ్చుకుంది. సేటు మార్కెట్ యార్డు మొత్తాన్నీ చూడ రమ్మన్నాడు. తెల్లారి చూస్తే ఉత్త కొమ్మ. "తెంపినోని చేతులు ఇరగ్గొడ్త!" అని సేటు ఊగిపోయాడు. ఎవరో బతుకమ్మలో పేర్చే ఉంటారని, సాయంత్రం చెరువు దగ్గర సేటూ నేనూ బతుకమ్మలన్నీ తొంగి చూస్తూ తిరిగాం. "ఆడోళ్లల్ల మీకేం పని?" అని ఆడవాళ్లు తిట్టారు కూడా. చివరికి దొరికింది. తంగేడు, గునుగు వరసల మీద, నడినెత్తిన మా గుత్తి. ఆ బతుకమ్మ సేటు తల్లిది.

"అవ్వా! గదేంది?" అన్నాడు సేటు.

ఆమె చప్పట్లు ఆపలేదు. "బతుకమ్మకు పెట్టకుంటె పువ్వెందుకురా? మస్తు సక్కగున్నది. మల్ల ఏటికి ఇంక నాలుగు చెట్లు పెట్టియ్యి."

సేటు నా వైపు తిరిగాడు. "ఇన్నవు గద. నీ నౌకరి పక్కా. నాలుగు చెట్లు తెప్పియ్యి."

నౌకరీ పక్కా అయినందుకు ఏడుపొచ్చిన వాణ్ణి జమ్మికుంటలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఇప్పుడు లక్సెట్టిపేటలో నాకు సొంత నర్సరీ ఉంది. ఎవరైనా మంచుకొండల మొక్క కావాలంటే, ఏ మొక్కో కూడా వినకుండానే కసిరి పంపించేస్తాను. వాళ్లు గేటు దాటాక మాత్రం, ఎర్రపూలదే అడిగారేమో అని కాసేపు మనసు పీకుతుంది.